దిద్దిన పేపరు ఎప్పుడిస్తారని బడిని అడగడం ఎలా

దసరా సెలవులకి ముందు మావాడు రాసిన లెక్కల యూనిట్ టెస్ట్ పేపరు కార్తీక పౌర్ణమి మర్నాడు ఇంటికొచ్చింది. లెక్కేస్తే ఏడు వారాలు. ముందురోజు తెల్లారగట్ల మహేంద్రతనయ నదిలో అరటి డొప్ప పడవ వదిలి వచ్చాం. దాని కోసం తెచ్చిన దీపాల ప్యాకెట్టు ఇంకా బల్ల మీదే ఉంది, దాని పక్కన పెట్టాడు పేపరు.

మొదటి లెక్క 3/4 − 1/2. పైన మూడులోంచి ఒకటి తీసేశాడు, కింద నాలుగులోంచి రెండు తీసేశాడు. 2/2 వచ్చింది. పక్కన గీత గీసి "= 1" అని కూడా రాశాడు. నాకు ఒడిశా సరిహద్దులో ఉన్న పర్లాకిమిడిలో కిరాణా కొట్టు ఉంది. ముప్పావు కిలో బెల్లంలోంచి అరకిలో తూచి ఇచ్చేస్తే ఇంకా కిలో మిగిలిందన్నమాట. అలాంటి బెల్లం దొరికితే నేను ఈపాటికి మేడ మీద మేడ కట్టేవాణ్ణి. నవ్వొచ్చింది. తర్వాత వాడి హోంవర్కు పుస్తకం తిరగేస్తే నవ్వు పోయింది. ఈ ఏడు వారాల్లో అదే తప్పు పదకొండు చోట్ల ఉంది. కొన్నిచోట్ల టిక్కు కూడా ఉంది.

ఈ పేపరు విషయంలో నేను కొన్ని పనులు తప్పుగా చేశాను, కొన్ని సరిగ్గా చేశాను. గుణుపురం, రాయగడ, బరంపురం వైపు ఉన్న మన తెలుగువాళ్ళు కూడా ఇదే బాధ చెబుతుంటారు కాబట్టి ఏం చేస్తే పని జరుగుతుందో వరసగా రాస్తున్నాను.

ముందు ఏది ఆలస్యమైందో తేల్చుకోండి

"స్కూల్లో ఏదీ దిద్దరండీ" అని మొదలుపెడితే ఎవరూ వినరు. నోట్‌బుక్కులా, యూనిట్ టెస్ట్ పేపర్లా, అర్ధ సంవత్సర పరీక్షలా, ప్రోగ్రెస్ కార్డా? ఏ సబ్జెక్టు? ఏ తేదీన రాశారు? పిల్లల్ని అడిగితే "ఎప్పుడో రాశాం" అంటారు, ఆ మాట నమ్మి వెళ్ళకండి. డైరీలో పరీక్షల తేదీలు ఉంటాయి, చూసి ఒక కాగితం మీద రాసుకోండి. నేను రాసి చూస్తే ఇంగ్లీషు, సైన్సు పేపర్లు పది రోజుల్లోనే వచ్చాయని తేలింది. లెక్కలు ఒక్కటే రాలేదు. అంతకుముందు నేను మొత్తం బడినే తిట్టుకుంటున్నాను.

ఎంతవరకు ఓపిక పట్టాలన్నది నా లెక్క చెబుతాను, ఇది చట్టం కాదు. నోట్‌బుక్కు అయితే వారం. యూనిట్ టెస్ట్ అయితే రెండు వారాలు. పెద్ద పరీక్షలకి మూడు వారాలు. అంతకుముందే అడిగితే తొందరపాటు, అది దాటాక కూడా అడగకపోతే మన తప్పు.

ఆ రెండు వారాలు ఎందుకంటే, ఒక టీచరమ్మకి నాలుగు సెక్షన్లు, సెక్షన్‌కి 45 మంది అనుకోండి. 180 పేపర్లు. పేపరుకి ఆరు నిమిషాలు వేసుకున్నా 1080 నిమిషాలు, అంటే 18 గంటలు. అది బడి అయ్యాక, ఇంటికెళ్ళి, వంట చేసి, రోజుకి రెండు గంటలు కూర్చున్నా తొమ్మిది రోజుల పని. సర్కారు బడిలో అయితే మధ్యాహ్న భోజనం లెక్కలు, ఆన్‌లైన్ ఎంట్రీలు అదనం. విద్యా హక్కు చట్టం 27వ సెక్షన్ టీచర్లకి చదువేతర పనులు అప్పజెప్పకూడదంటూనే మూడింటిని మినహాయించింది: జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు. ఆ మూడూ ఎప్పుడూ ఏదో ఒకటి నడుస్తూనే ఉంటాయి. అందుకని తొమ్మిది రోజులు పద్నాలుగైతే అర్థం చేసుకోవచ్చు. ఏడు వారాలైతే మాత్రం ఎక్కడో ఏదో ఇరుక్కుంది, అదేమిటో కనుక్కోవాలి.

పేపరు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవద్దు

ప్రశ్నపత్రం ఇంటికి వస్తుంది కదా. పరీక్ష రాసి వచ్చిన రోజు సాయంత్రమే, వాడు ఆడుకుని వచ్చాక, అదే ప్రశ్నపత్రం ముందు పెట్టి "అక్కడ ఏం రాశావో అదే ఇక్కడ రాయి" అనండి. "సరైన జవాబు రాయి" అనకండి, అప్పుడు పుస్తకం చూసి రాసేస్తారు. బడిలో రాసిందే కావాలి. మొత్తం అక్కర్లేదు, వాడికి అనుమానం ఉన్న నాలుగైదు ప్రశ్నలు చాలు. మీకు లెక్కలు రాకపోతే పాఠంలో అలాంటి మాదిరి లెక్క చేసి చూపించి ఉంటారు, దాంతో పోల్చి చూడమనండి. నేను ఈ పని సెప్టెంబరులోనే చేసి ఉంటే 2/2 ఆ రాత్రే దొరికేది.

ఒడియా మీడియంలో చదివే పిల్లలున్న ఇళ్ళల్లో ఇంకో చిక్కు ఉంది. మా అమ్మాయి సర్కారు బడిలో ఒడియా మీడియం. టీచరు నోట్‌బుక్కులో రాసిన మాట నాకు చదవడం రాదు. మా ఆవిడ బరంపురంలో పెరిగింది కాబట్టి గడిచిపోతోంది. ఒక నెల ఆమె పుట్టింట్లో ఉన్నప్పుడు అమ్మాయే నాకు చదివి చెప్పేది. ప్రతి మాటా "భల", అంటే బాగుంది అనే చెప్పింది. మా ఆవిడ వచ్చి చూస్తే అందులో సగం "మళ్ళీ రాసి తీసుకురా" అని ఉంది! ఇంట్లో ఒడియా చదివేవాళ్ళు లేకపోతే పక్కింటివాళ్ళకి వారానికోసారి చూపించండి. దిద్దడం ఆలస్యం కాలేదు, దిద్దింది మనకే అందలేదు అన్న సంగతి అప్పుడు బయటపడొచ్చు.

ఎక్కడ అడక్కూడదో

ఈ భాగం అనుభవం మీద రాస్తున్నాను.

ఆరో వారంలో, రాత్రి పదిన్నరకి, కొట్టు కట్టేసి వచ్చి, పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో ఇలా రాశాను: "ఫీజు ఒక రోజు లేటైతే ఫైన్ వేస్తారు, పేపర్లు నెలన్నర లేటైతే ఎవరికి ఫైన్ వెయ్యాలి?" మంచి డైలాగు అనుకున్నాను. పదిహేడు మంది బొటనవేలు గుర్తు పెట్టారు. తెల్లారేసరికి ఆ గ్రూపులో అడ్మిన్లు తప్ప ఎవరూ మెసేజ్ పెట్టకుండా మార్చేశారు. క్లాసులో మావాణ్ణి లేపి "మీ నాన్నకి చాలా తొందరట కదా" అన్నారట. వాడు ఇంటికొచ్చి నాతో రెండు రోజులు మాట్లాడలేదు. బొటనవేళ్ళు పెట్టిన పదిహేడు మందిలో ఒక్కరూ నాతో బడికి రాలేదు.

గ్రూపులో వద్దు. గేటు దగ్గర, పిల్లల్ని వదిలే గడబిడలో వద్దు. చిన్న ఊళ్ళల్లో ఇంకో ప్రమాదం ఉంది. మాస్టార్లు, మేడమ్‌లు మన కొట్టుకే వస్తారు, మన వీధిలోనే ఉంటారు. కందిపప్పు తూస్తూ "మేడమ్, ఆ పేపర్లు..." అని నోటిదాకా వస్తుంది. మింగేయండి. ఆవిడ అక్కడ పప్పు కోసం వచ్చింది. అక్కడ అడిగితే జవాబు "ఇచ్చేస్తామండి" అనే వస్తుంది, ఆ మాటకి తేదీ ఉండదు. పైగా మరుసటి నెల నుంచి ఆవిడ పప్పు ఇంకో కొట్లో కొంటుంది.

ఎవర్ని అడగాలి, ఏమని

ముందు ఆ సబ్జెక్టు టీచరునే అడగండి, లేదా క్లాస్ టీచరు ద్వారా. నేరుగా హెడ్‌మాస్టర్ దగ్గరికి వెళ్తే కింద ఉన్నవాళ్ళకి అది చాడీ చెప్పినట్టే ఉంటుంది. డైరీలో రాయొచ్చు, టీచరు నంబరు ఇచ్చి ఉంటే పగటిపూట ఒక్క మెసేజ్ పెట్టొచ్చు. మెసేజ్‌లో మూడే ఉండాలి: మీరెవరు, ఏ పేపరు, ఎందుకు కావాలి. నేను చివరికి పంపింది ఇది:

"నమస్కారం మేడమ్. ఆరో తరగతి బి సెక్షన్ ఫలానా రోల్ నంబరు వాళ్ళ నాన్నని. సెప్టెంబరులో రాసిన లెక్కల యూనిట్ టెస్ట్ పేపరు ఏ రోజు ఇస్తారో చెప్పగలరా? భిన్నాల్లో మావాడు ఎక్కడ తప్పుతున్నాడో చూసి ఇంట్లో చేయించాలని. మీకు వీలైన రోజు ఐదు నిమిషాలు వచ్చి కలవమన్నా వస్తాను."

"ఎందుకింత ఆలస్యం" అన్న మాట ఇందులో లేదు చూడండి. "ఏ రోజు" అన్న మాట మాత్రం ఉంది. ఎందుకు అని అడిగితే సంజాయిషీ వస్తుంది, ఎప్పుడు అని అడిగితే తేదీ వస్తుంది. మార్కుల ఊసు కూడా ఎత్తలేదు. మార్కుల కోసం అడిగే తండ్రిని చూస్తే టీచర్లకి టెన్షన్, వీడు రెండు మార్కులు పెంచమని వచ్చాడనుకుంటారు.

భాష గురించి బెంగ వద్దు. టీచరు ఒడియా అయితే, మీకు వచ్చిన ఒడియాలో "గణిత ఖాతా కేబే మిళిబ, ఆజ్ఞా?" అని అడిగితే చాలు. ఇక్కడ జవాబు పత్రాన్ని కూడా ఖాతా అనే అంటారు. "ఖాతా దేఖా సరిలాణి కి?" అంటే దిద్దడం అయిపోయిందా అని. హిందీలోనో ఇంగ్లీషులోనో పెద్ద పెద్ద మాటలు వెతుక్కుని దరఖాస్తు రాయించేవాళ్ళని చూశాను, అందులో అసలు విషయం నాలుగో పేరాలో ఉంటుంది. మాట్లాడే భాషలోనే రాయాలని జీవితమంతా కొట్లాడిన గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్ళో బడి మాస్టారే కదా. మనం మాట్లాడినట్టే రాద్దాం.

నాకు మర్నాడే జవాబు వచ్చింది, శనివారం రమ్మని. వెళ్తే మేడమ్ బీరువా తీసి కట్టలు చూపించింది. పక్క సెక్షన్ల లెక్కల మాస్టారు ఆగస్టులో ఉద్యోగం మానేశారట, ఆయన రెండు సెక్షన్లూ ఈవిడ నెత్తిన పడ్డాయి. ఆ సంగతి తల్లిదండ్రులెవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే నేను ఆ ఫైన్ డైలాగు కొట్టేవాణ్ణి కాదు. కట్టలో మావాడి పేపరు సగం దిద్ది ఉంది. మొదటి లెక్కకి ఎర్ర సున్నా, దాని పక్కన ఏమీ లేదు. ఆవిడ నా ముందే కూర్చుని మిగతా సగం దిద్ది, మిగిలిన పేపర్లతో పాటు మంగళవారానికల్లా పంపేస్తానంది, పంపింది.

పేపరు చేతికొచ్చిన రోజు

ఇన్నాళ్ళు ఎదురుచూసింది దీనికోసమే కదా. చాలా ఇళ్ళల్లో జరిగేది ఏమిటంటే, మార్కులు చూసి, తిట్టో మెచ్చుకోలో ఒకటి ఇచ్చి, సంతకం పెట్టి పంపేస్తాం. అలాగైతే ఏడు వారాలకి వచ్చినా ఏడు రోజులకి వచ్చినా తేడా లేదు.

తప్పులన్నీ మూడు రకాలుగా విడదీయండి. పక్కన పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. ఒకటి, అసలు రానివి: మావాడి భిన్నాలు ఇందులోకి వస్తాయి. రెండు, వచ్చీ తప్పినవి: 7 బదులు 1 ఎక్కించుకోవడం లాంటివి. మూడు, ప్రశ్న సరిగ్గా చదవనివి: "ఏవైనా రెండు" అంటే ఐదూ రాసి టైము అయిపోగొట్టుకోవడం. రెండో రకానికీ మూడో రకానికీ ట్యూషన్ అక్కర్లేదు. మొదటి రకం ఉన్నవి మాత్రం ఆ వారమే కూర్చోబెట్టాలి.

భిన్నాలకి నేను తక్కెడ వాడాను. ముప్పావు కిలో అంటే 750 గ్రాములు, అర అంటే 500. బెల్లం తూచి, తీసి, మిగిలింది తూయమన్నాను. 250. "అంటే పావు" అన్నాడు. "మరి పేపర్లో ఒకటి అని రాశావే?" అన్నాను. కాసేపు కాటా వైపు చూసి, "పైవి పైవి, కిందవి కిందవి తీసెయ్యాలనుకున్నా" అన్నాడు. ఆ వాక్యం వాడి నోట వినడానికే ఇదంతా. తప్పు వెనకాల వాడికో సూత్రం ఉంది, ఎర్ర సున్నా ఆ సూత్రాన్ని తాకలేదు.

కూడికలు కూడా ఒకసారి సరిచూడండి. లోపలి పేజీల్లో వేసిన మార్కులు ముందు పేజీ టోటల్‌లోకి రాకపోవడం మామూలే, రాత్రి పదకొండింటికి 180 పేపర్లు దిద్దేవాళ్ళు మనుషులే. మావాడికి రెండు మార్కులు అలా పోయాయి. "మేడమ్, ఈ కూడిక ఒకసారి చూస్తారా" అని పేజీ మడిచి పంపితే కలిపేశారు. అర మార్కుకీ, చేతిరాతకి కోసిన మార్కుకీ వాదించకండి. పేపరు మళ్ళీ బడికి ఇచ్చేయాలంటే ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి.

అడిగినా రాకపోతే

రెండుసార్లు అడిగాక, ఇచ్చిన తేదీ రెండుసార్లు తప్పాక, అప్పుడు కాగితం మీద పెట్టండి. హెడ్‌మాస్టర్‌కి ఒక పేజీ ఉత్తరం. ఏ తరగతి, ఏ సబ్జెక్టు, పరీక్ష రాసిన తేదీ, మీరు అడిగిన తేదీలు, వాళ్ళిచ్చిన తేదీలు. విశేషణాలు ఒక్కటి కూడా వద్దు. రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకదాని మీద సంతకం, స్టాంపు వేయించుకోండి. ఒక్కరు కాకుండా నలుగురు తల్లిదండ్రులు సంతకం పెడితే మీ పిల్లవాడి మీద చూపు పడదు. పదిహేడు మంది అక్కర్లేదు, నలుగురు చాలు.

ఎనిమిదో తరగతి లోపు పిల్లలైతే విద్యా హక్కు చట్టం, 2009 మీ వైపు ఉంది. 24వ సెక్షన్‌లో టీచరు విధులు రాశారు. ప్రతి పిల్లవాడి నేర్చుకునే శక్తిని అంచనా వేసి అవసరమైతే అదనంగా చెప్పడం, తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై హాజరు గురించి, చదువులో ప్రగతి గురించి చెప్పడం అందులోవే. పేపర్లు ఇన్ని రోజుల్లో దిద్దాలని అందులో లేదు, అలా ఉందని ఎవరైనా చెబితే నమ్మి ఉత్తరంలో రాయకండి. "ప్రగతి గురించి తల్లిదండ్రులకి చెప్పాలి" అన్న ముక్క చాలు.

సర్కారు బడి, ఎయిడెడ్ బడి అయితే స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ ఉంటుంది. అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి, ఇది 21వ సెక్షన్. మా అమ్మాయి బడిలో ఆ కమిటీలో తెలుగువాళ్ళు ఇద్దరున్నారు, నాకు మూడేళ్ళ తర్వాత తెలిసింది. మీ బడిలో ఎవరున్నారో ముందు కనుక్కోండి. ఆ మీటింగులో ఎత్తితే సగం సమస్యలు అక్కడే తీరతాయి. తీరకపోతే చుట్టుపక్కల బళ్ళని కలిపి చూసే క్లస్టర్ కోఆర్డినేటర్, ఆ తర్వాత బ్లాక్, జిల్లా విద్యాధికారులు (బీఈవో, డీఈవో). 32వ సెక్షన్ కింద స్థానిక అధికార సంస్థకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే మూడు నెలల్లో తేల్చాలి. మూడు నెలలకి మీవాడు ఇంకో పరీక్ష రాసేస్తాడు, కాబట్టి దాన్ని చివరి మెట్టుగానే ఉంచుకోండి. ప్రైవేటు బడుల్లో ఈ కమిటీ ఉండాలన్న నిబంధన లేదు, అక్కడ ప్రిన్సిపాల్, మేనేజ్‌మెంట్, అంతే.

ఒక మాట. ఆ టీచరు సాయంత్రాలు ట్యూషన్లు చెబుతున్నారని మీకు తెలిసి ఉండొచ్చు. 28వ సెక్షన్ ప్రకారం టీచర్లు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదు. దాన్ని బెదిరింపుగా వాడాలని ఎవరైనా సలహా ఇస్తారు, నాకూ ఇచ్చారు. నేను వాడలేదు. మన పిల్లవాడు ఏడాదంతా ఆ మనిషి ముందే కూర్చోవాలి.

బడికి ఒక సూచన కూడా ఇవ్వండి

ఫిర్యాదు ఒక్కటే పట్టుకెళ్తే తలుపు సగమే తెరుచుకుంటుంది. ఆ శనివారం నేను మేడమ్‌ని అడిగింది ఏమిటంటే, పేపర్లు ఎప్పుడిచ్చినా ఫర్వాలేదు, పరీక్ష అయిన మర్నాడు క్లాసులో జవాబులన్నీ బోర్డు మీద చేసి చూపించగలరా అని. ఒక్క పీరియడ్ పని. పిల్లలు ఎవరి తప్పు వాళ్ళు ఆ రోజే పట్టుకుంటారు, మార్కులు తర్వాత నింపాదిగా వస్తాయి. డిసెంబరు నుంచి ఆవిడ అలాగే చేస్తోంది. పేపర్లు ఇప్పటికీ మూడు వారాలు పడుతున్నాయి, నేను మళ్ళీ మెసేజ్ పెట్టలేదు.

మార్చి నెలలో మాత్రం ఊరుకోవద్దు

సరిహద్దు ఊళ్ళ వాళ్ళకి ఇది ప్రత్యేకం. ఇక్కడ ఒడియా బడిలో ఐదో ఏడో చదివించి, పాతపట్నంలోనో టెక్కలిలోనో తెలుగు బడిలో వేసేవాళ్ళు మనలో చాలామంది. ఒడిశాలో కొత్త తరగతి ఏప్రిల్‌లోనే మొదలవుతుంది, ఆంధ్రాలో బళ్ళు జూన్‌లో తెరుస్తారు. వార్షిక పరీక్షల పేపర్లు, ప్రోగ్రెస్ కార్డు ఆలస్యమైతే మధ్యలో వేసవి సెలవులు వచ్చి పడతాయి. బడి తాళం వేసి ఉంటుంది, అటువైపు వాళ్ళు కార్డు తెమ్మంటారు. బడి మారే ఆలోచన ఉంటే మార్చిలోనే హెడ్‌మాస్టర్‌కి చెప్పి, టీసీకి దరఖాస్తు ఇచ్చి, ప్రోగ్రెస్ కార్డు ఏ తేదీకి ఇస్తారో రాయించుకోండి. చట్టం 5వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి లోపు పిల్లలకి అడిగిన వెంటనే టీసీ ఇవ్వాలి, కొత్త బడి సర్కారుదో ఎయిడెడ్‌దో అయితే టీసీ రావడం ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదు. కార్డు ఒడియాలో ఉంటే అటువైపు చదివేవాళ్ళు ఉండకపోవచ్చు. సబ్జెక్టుల పేర్లు, మార్కులు ఇంగ్లీషులో కూడా రాసి సంతకం చేయమని ఇక్కడే అడగండి. ఏప్రిల్ ఎండల్లో పాతపట్నం దాకా వెళ్ళి, ఆ ఒక్క కాగితం కోసం వెనక్కి వచ్చినవాళ్ళు మా కొట్లో సోడా తాగి వెళ్తుంటారు.